హైదరాబాద్‌లో ఆరు రోజులు, ఒక తోడు గిన్నె

మొదటి రోజు, ఆదివారం

ఎడమ చేతి మణికట్టుకి కట్టు విప్పి మూడు వారాలైంది. ఎముక బాగానే అతుక్కుందని కాకినాడలో డాక్టరు చెప్పినా మా చెల్లెలు ఒప్పుకోలేదు. "ఒకసారి ఇక్కడ కూడా చూపిద్దాం అన్నయ్యా. రిటైరయ్యావుగా, నీకేం పని?" అంది. రిటైరైనవాడి మీద వేసే ఆఖరి అస్త్రం అదే. దానికి జవాబుండదు. ఫిబ్రవరి మొదటి వారం, చలి వెనక్కి తగ్గే రోజులు. గౌతమి ఎక్కి పొద్దున్నే లింగంపల్లిలో దిగాను.

చెల్లెలి ఇల్లు నల్లగండ్లలో, ఐదో అంతస్తు. ఈ దారిలో నేను చివరిసారి తిరిగినప్పుడు ఇటు బండలు, అటు సీతాఫలం పొదలు ఉండేవి. ఇప్పుడు అద్దాల మేడల మధ్య ఎక్కడో ఒక గుండు, తప్పిపోయిన పిల్లాడిలా కనిపిస్తోంది.

మధ్యాహ్నం భోజనంలో పెరుగు దగ్గర నా చెయ్యి ఆగింది. అమ్మ పెరుగు. గడ్డగా, చివర్లో కాస్త తియ్యగా, మా ఇంట్లో నాకు గుర్తున్నప్పట్నుంచీ ఉన్న రుచి. 1999లో చెల్లెలి పెళ్ళైనప్పుడు అమ్మ ఒక చిన్న స్టీలు గిన్నెలో తోడు పోసి, మూతకి గుడ్డ కట్టి ఇచ్చింది. అదే తోడు మా ఇంట్లో కూడా నిన్నమొన్నటిదాకా నడిచింది. నవంబరులో నేను బాత్రూంలో జారిపడ్డాక ఇద్దరం వారం రోజులు మా అబ్బాయి ఇంట్లో ఉన్నాం. తిరిగొచ్చేసరికి గిన్నె నిండా బూజు. అప్పట్నుంచీ మాది పాకెట్ పెరుగే. అమ్మ పోయి ఆరేళ్ళు. తోడు పోయిందని మా ఆవిడ ఫోన్లో చెప్పుకుని ఏడ్చిన సంగతి నాకు తెలుసు, నేను విననట్టు ఊరుకున్నాను.

"మావయ్యా, అమ్మమ్మ ఇచ్చిన బ్యాక్టీరియా ఇందులో ఒక్కటి కూడా మిగిలుండదు" అంది మేనకోడలు. సెంట్రల్ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదువుతోంది, దేనికైనా ఇలాంటి వ్యాఖ్య ఒకటి దగ్గర పెట్టుకుంటుంది. నిజమే. ఒక్క రాత్రి గోరువెచ్చని పాలలో వాటికి ఎన్నో తరాలు గడిచిపోతాయి. పెళ్ళైన దగ్గర్నుంచి లెక్కేస్తే ఇంచుమించు పదివేల రాత్రులు. "మరి అదే పెరుగు ఎలా అయ్యిందే?" అంటే, "రోజూ మార్చబట్టే మావయ్యా. వారం మార్చకపోతే ఏమైందో నీకు తెలుసుగా" అంది. ముప్పై ఏళ్ళు ఇంటర్ పిల్లలకి బోటనీ చెప్పిన నాకు ఇది కొత్త సంగతేమీ కాదు. కానీ అన్నం పళ్ళెం ముందు ఎవరూ చెప్పలేదు.

సాయంత్రం స్కూటీ మీద తన క్యాంపస్‌కి తీసుకెళ్ళి మష్రూమ్ రాక్ చూపించింది. కింద సన్నటి కాడ, పైన గొడుగులా పెద్ద బండ. దాన్ని ఎవరో అలా పేర్చి వెళ్ళిపోయినట్టుంటుంది. ఎవరూ పేర్చలేదు.

హైదరాబాద్ రాయి వయసు దగ్గరదగ్గర 250 కోట్ల సంవత్సరాలు. ఈ గ్రానైట్ ఎండలో పుట్టింది కాదు, నేలకి కిలోమీటర్ల లోతున కరిగిన రాయి చల్లారి గట్టిపడింది. మీదున్నదంతా కోట్ల ఏళ్ళు కొట్టుకుపోయాక పైకి తేలింది. అంత బరువు తొలగేసరికి రాయి బిర్రు వదిలి, ఉల్లిపాయ పొరల్లా పగుళ్ళిచ్చింది. ఆ పగుళ్ళలోకి వాననీరు దిగుతుంది. గ్రానైట్‌లో మెరిసే గింజలు రెండు రకాలుగా కనిపిస్తాయి. గాజులాంటి క్వార్ట్జ్‌ని నీళ్ళు ఏమీ చెయ్యలేవు. లేత గులాబీ రంగు ఫెల్డ్‌స్పార్ మాత్రం నెమ్మదిగా బంకమట్టి అయిపోతుంది. పలక రాయికి మూలల దగ్గర మూడు వైపుల నుంచీ నీళ్ళు తగులుతాయి, అంచుల దగ్గర రెండు వైపులు, నడుమ ఒక్కవైపే. అందుకే మూలలు ముందు అరిగి, చతురస్రంగా ఉన్నది గుండు అవుతుంది. తెలంగాణ ఊళ్ళలో గుండు, బండ, గుట్ట అని ఇన్ని మాటలుండటం ఊరికే కాదు.

రాలిన ఆ ఇసక, మట్టే చుట్టుపక్కల ఎర్ర చెలక నేలలు. రాయిలోని ఇనుము తుప్పు పట్టిన రంగు అది. జొన్నకీ ఆముదానికీ అందిన పొటాషియం ఈ గుండు ఒంట్లోంచి ఊడిందే. అన్నిటికన్నా నాకు నచ్చే సంగతి ఇంకొకటుంది. వాననీటిలో గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కొంచెం కరిగి ఉంటుంది. రాయిని కరిగించే పనిలో అది ఖర్చవుతుంది, ఏళ్ళూ పూళ్ళూ గడిచాక సముద్రం అడుగున సున్నపురాయిగా కూర్చుంటుంది. భూమి వేడెక్కితే రాయి త్వరగా అరుగుతుంది, గాలిలోని ఆ వాయువు ఎక్కువగా ఖర్చవుతుంది, వేడి తగ్గుతుంది. చల్లబడితే అరుగుదల మందగిస్తుంది. లక్షల ఏళ్ళ లెక్కలో భూమికి ఇదొక థర్మోస్టాట్. రాయి అరగడం ఆగితే మన పని ఆఖరే.

పక్కనే కంచ గచ్చిబౌలి, చెట్లూ గుండ్లూ ఉన్న నేల. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆపమనేదాకా అక్కడ రాత్రీపగలూ బుల్డోజర్లు నడిచాయి. "అది కూడా మార్పేగా మావయ్యా" అంది అమ్మడు, నన్ను పరీక్షించడానికి. వాన కోటి ఏళ్ళలో చేసే పని యంత్రం కొన్ని రాత్రుల్లో చేస్తే దానికి అదే పేరు పెట్టడం నాకు ఇష్టం లేదు.

రెండో రోజు, సోమవారం

పొద్దున్నే బావతో కేబీఆర్ పార్కుకి. 1998 నుంచి అది నేషనల్ పార్కు, కానీ జనానికి అది వాకింగ్ ట్రాకే. బావ చెవుల్లో బడ్స్ పెట్టుకుని వేగంగా వెళ్ళిపోయాడు. నేను నెమళ్ళ అరుపులు వింటూ వెనకబడ్డాను. చెట్లు సగం మోడులు. పట్నం మధ్యలో ఇలాంటి ఎండు అడవి ఉండటమే నాకు ఆశ్చర్యం. చాలామందికి మాత్రం ఈ నెలల్లో ఇది 'బోసిపోయిన' పార్కు.

ఆకు రాలడం చెట్టుకి దుబారా కాదు. రాల్చే ముందు ఆకులోని నైట్రోజన్, ఫాస్ఫరస్‌లలో సుమారు సగం చెట్టు వెనక్కి లాక్కుంటుంది. ఖాతా మూసే ముందు డబ్బు తీసుకున్నట్టు. కాడ మొదట్లో ఒక పొర కట్టి, సంబంధం తెంపి, ఒట్టి డొప్ప కింద పడేస్తుంది. అక్కణ్ణుంచి చెదల వంతు. ట్రాక్ పక్కన నడుమెత్తు పుట్టొకటి కనిపించింది. మన దగ్గర పుట్టలు పెట్టే చెదల్లో చాలావాటికి ఆకునీ పుల్లనీ నేరుగా అరిగించుకునే శక్తి చాలదు. నమిలి, పుట్ట లోపల గూడులా పేర్చి, దాని మీద బూజు పండించుకుంటాయి. తమ పంట తామే తింటాయి. కూలి చెదల ఆయుష్షు తక్కువే, పుట్ట మాత్రం దశాబ్దాలు నిలుస్తుంది. పై పెచ్చు వానకి కరిగినప్పుడల్లా అప్పుడున్న చెదలు మళ్ళీ మెత్తుతాయి.

ఇంటికొస్తే అపార్ట్‌మెంట్ వెనక వేపాకుల కుప్పకి వాచ్‌మన్ అగ్గిపెడుతున్నాడు.

"కాల్చడమెందుకయ్యా, ఆ మూల గొయ్యి తీసి వేస్తే వానాకాలానికి ఎరువైపోతుందిగా" అన్నాను.

"నాక్కూడ ఎర్కే సార్. మా ఊర్ల పెంటకుప్పలనే ఏస్తం. ఈడ ఒక్క ఆకు కనవడ్డా సెక్రటరీ సార్ గరమైతడు."

ఆ తర్వాత సెక్యూరిటీ గది పక్కనున్న పూలకుండీల వైపు చూపించి, "మొన్న ఎరువు బస్తాలు కొన్నరు సార్. ఆన్‌లైన్ల" అన్నాడు. నవ్వలేదు.

మూడో రోజు, మంగళవారం

ఆసుపత్రి. రెండు గంటల క్యూ, ఏడు నిమిషాల డాక్టరు. ఎక్స్‌రే దీపం మీద పెట్టి, విరిగిన చోట ముడిలా ఉబ్బిన తెల్లటి మచ్చ చూపించి, "ఇది కూడా కరిగి పాత ఆకారం వస్తుంది, తొందరపడకండి" అన్నారు. ఎముకని తినే కణాలు కొన్ని, కట్టే కణాలు కొన్ని. పెద్దవాళ్ళ అస్థిపంజరంలో ఏడాదికి పదో వంతు ఇలా పాతది పోయి కొత్తది వస్తుంది. నొప్పని చెయ్యి కదపకుండా దాచుకుంటున్నానని ఆయన పట్టేశారు. బరువు పడకపోతే కట్టేవాళ్ళు బద్ధకిస్తారట, తినేవాళ్ళు మాత్రం మానరు. అంతరిక్షంలో ఉండేవాళ్ళకి నెలకి ఒకటి, ఒకటిన్నర శాతం ఎముక తరిగిపోయేది అందుకే. "బకెట్ మొయ్యద్దు గానీ చెంబు మొయ్యండి" అన్నారు. ఫీజుకి తగిన మాట.

సాయంత్రం నుమాయిష్, ఏటా జరిగే ఎగ్జిబిషన్. దుమ్ము, జనం, మిర్చి బజ్జీ. చెల్లెలు దుప్పట్లు కొంది. రాయడానికి ఇంకేమీ లేదు.

నాలుగో రోజు, బుధవారం

గోల్కొండకి అందరూ కోట ఎక్కడానికి వెళ్తారు. నేను వెళ్ళింది నయా ఖిలాలో ఉన్న చెట్టు కోసం. ఆటో అతనికి బావోబాబ్ అంటే తెలియలేదు. "హాథియాన్ కా ఝాడా? అట్ల చెప్పరాదు!" అన్నాడు.

ఏనుగు చెట్టు అన్న పేరు పెట్టినవాడికి దణ్ణం. రంగూ ముడతలూ నేలలో దిగిన పాదాలూ, అన్నీ ఏనుగువే. చుట్టుకొలత 27 మీటర్ల పైమాట. ఆఫ్రికా చెట్టు ఇది. కుతుబ్‌షాహీల కాలంలో సముద్రం దాటి వచ్చిందని, 400 ఏళ్ళు దాటాయని చెబుతారు. ఫిబ్రవరి కాబట్టి ఒక్క ఆకు లేదు. కొమ్మలు వేళ్ళలా ఆకాశంలోకి పాకి, చెట్టుని తలకిందులుగా పాతినట్టుంది. పక్కన మేకల్ని చూసుకుంటున్న ముసలాయన, నేనడక్కుండానే, "చాలీస్ చోర్ దీంట్లనే దాక్కుంటుండె సాబ్, నలభై మంది!" అన్నాడు. పైకెక్కితే లోపల గదంత బోలు ఉంది మరి. మణికట్టుని తలుచుకుని నేను ఎక్కలేదు.

పాఠాల్లో నేను చెట్టంటే నడుమ చేవ, దాని చుట్టూ ఏడాదికో వలయం అని బోర్డు మీద గీసేవాణ్ణి. బావోబాబ్ ఆ బొమ్మకి లొంగదు. రొమేనియాకి చెందిన ఆద్రియాన్ పట్రుట్ బృందం ఆఫ్రికాలో ఈ చెట్ల వయసు రేడియోకార్బన్ పద్ధతిలో లెక్కగట్టింది. పెద్ద బావోబాబ్ చాలాసార్లు ఒక్క మాను కాదని తేలింది. వేరువేరు కాలాల్లో మొలిచిన మానులు వలయంలా నిలబడి, లావెక్కుతూ ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అలాంటి చెట్టు నడుమ ఖాళీ పుచ్చిపోయి ఏర్పడిన తొర్ర కాదు. అక్కడ మొదట్నుంచీ కర్రే లేదు, చుట్టూ ఉన్నవాళ్ళు చేతులు కలుపుకుంటే మిగిలిన జాగా అది. బెరడు ఒలిస్తే మామూలు చెట్టు చచ్చిపోతుంది, ఇది మళ్ళీ బెరడు కట్టుకుంటుంది. ఆకుల్లేని నెలల్లో ఆ బెరడు కింద పల్చటి ఆకుపచ్చ పొర ఎండని పట్టుకుంటుంది. వాన పడితే ఒళ్ళంతా నీళ్ళు నింపుకుని ఉబ్బుతుంది, కరువులో తగ్గుతుంది. ఒకే కొలతలో ఉండాలన్న పట్టుదల దానికి లేదు.

ఇంత నేర్చిన చెట్టుకి కూడా ఒక హద్దుంది. 2018లో అదే బృందం ఇంకో లెక్క బయటపెట్టింది. ఆఫ్రికాలోని అతి పాత 13 బావోబాబ్‌లలో 9, అతి పెద్ద 6 చెట్లలో 5, అంతకు ముందు పన్నెండేళ్ళలోనే పూర్తిగా చచ్చిపోయాయి, లేదా వాటి పెద్ద మానులు కూలిపోయాయి. వాతావరణం మారడమే కారణమని వాళ్ళ అనుమానం. వెయ్యేళ్ళ పైన బతికినవాటికి పన్నెండేళ్ళు ఎంత? మనిషి బతుకులో కొన్ని నెలలు, అంతే. నేను జారిపడి వారం ఇల్లు వదిలితే తోడు గిన్నె పోయింది. వరసగా అమ్మ పెరుగే గుర్తొస్తున్నందుకు నా మీద నాకే నవ్వొచ్చింది.

ముసలాయన్ని ఈ చెట్టుకి ఆకులెప్పుడొస్తాయని అడిగాను. "బారిష్ కన్నా ముందుగాల్నే" అన్నాడు. "దానికి ఎవలు చెప్తరో!"

ఐదో రోజు, గురువారం

అమీన్‌పూర్ చెరువు. 2016లో దీన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. దేశంలో ఆ గుర్తింపు వచ్చిన మొదటి నీటి వనరు ఇదే. చుట్టూ మాత్రం అపార్ట్‌మెంట్లు మెడలు సాచి చూస్తున్నాయి.

పొద్దున ఏడింటికి మంచు ఇంకా నీళ్ళ మీదే ఉంది. మేనకోడలు బైనాక్యులర్స్ తెచ్చింది. నామాల కోళ్ళు వందల్లో. ఒడ్డుకి దూరంగా, మోకాలు లోతు నీళ్ళలో, లేత గులాబీ గీత ఒకటి కదిలింది. ఫ్లెమింగోలు! పాతిక దాకా ఉన్నాయి. తల తలకిందులుగా ముంచి, ముక్కుతో బురదనీళ్ళు వడగట్టుకుంటున్నాయి. వాటి రంగు వాటిది కాదు, ఆ నీళ్ళలోని నాచు, చిన్న పురుగులు ఇచ్చిన రంగు. తిండి మారితే తెల్లబోతాయి.

వాటికింత లోతు తక్కువ నీళ్ళే కావాలి. చెరువు నిండుగా ఉంటే ముక్కు అడుక్కి అందదు. వానాకాలంలో నిండి, సంక్రాంతి దాటాక రోజుకింత తగ్గుతూ, బురద అంచుని వెనక్కి వెనక్కి జరుపుకుంటూ పోతేనే వీటికీ, ఉల్లంకి పిట్టలకీ విస్తరి. నీరు తీసిన చోట గడ్డి మొలుస్తుంది, పశువులు మేస్తాయి, పేడ వేస్తాయి. మళ్ళీ నీరెక్కినప్పుడు ఆ గడ్డీ పేడా కుళ్ళి నాచుకీ చేపపిల్లలకీ అన్నమవుతాయి. ఏడాది పొడుగునా నీళ్ళు ఒకే గీత దగ్గర నిలబెట్టి, చుట్టూ రాతి గోడ కట్టి, లైట్లు పెట్టి 'సుందరీకరణ' చేస్తే దాన్ని చెరువనకూడదు. స్విమ్మింగ్ పూల్ అనాలి, అదీ మురికిది.

ఎండాకాలం చెరువుని చూసి చెరువింతే అనుకుని శిఖం భూమిలో, అంటే నిండితే నీళ్ళు నిలిచే నేలలో, ఇళ్ళు కట్టుకున్నవాళ్ళ కథలు ఇక్కడ అందరి నోటా ఉన్నాయి. ఎఫ్‌టీఎల్ (ఫుల్ ట్యాంక్ లెవెల్, చెరువు నిండినప్పటి నీటి గీత) అనే మాట హైదరాబాద్‌లో ఇప్పుడు టీ కొట్టువాడికి కూడా తెలుసు. నాకు మటుకు ఆ మాట ఒక ఒప్పుకోలులా వినిపిస్తుంది. చెరువు ఒళ్ళు విరుచుకుంటే ఎంత దూరం వస్తుందో అదీ దాని హద్దు, ముడుచుకున్నప్పటిది కాదు.

కట్ట మీద ఒక పెద్దాయన కలిశాడు. మెదక్ వైపు ఊరు, కొడుకు దగ్గరికొచ్చాడు. చెరువులంటే ఆయనకి ఫ్లెమింగోలు కాదు, పూడిక. వానతో పాటు మట్టి వస్తుంది, అది చెరువు అడుగున పేరుకుంటుంది. వదిలేస్తే కొన్ని తరాల్లో చెరువు మైదానమైపోతుంది. అందుకే ఎండాకాలం ఆ ఒండ్రు తవ్వి బండ్లకెత్తి చెలకల్లో పోసేవాళ్ళు. చెలకకి బలం, చెరువుకి లోతు. మళ్ళీ వానకి చెలకలోంచి కొంత మట్టి చెరువులోకే వస్తుంది. "పోసుడు, తెచ్చుడు, మళ్ల పోసుడు. గదే పని" అన్నాడు. పై చెరువు అలుగు దుంకితే ఆ నీళ్ళు కింది చెరువుకి, అది నిండితే ఇంకా కిందికి. ఇదే గొలుసుకట్టు. 13వ శతాబ్దంలో కాకతీయులు కట్టిన పాకాల, రామప్ప ఇప్పటికీ పొలాలు తడుపుతున్నాయంటే, కట్టిన రాజుల గొప్ప కొంత, పేరు తెలియని బండ్ల గొప్ప మిగతాది. శాసనాల్లో మొదటిదే ఉంటుంది.

ఆరో రోజు, శుక్రవారం

రాత్రికి రైలు. పొద్దున అఫ్జల్‌గంజ్ వెళ్ళాను, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టు చూడటానికి. 1908 సెప్టెంబరు 28న మూసీ పట్నం మీద పడినప్పుడు ఈ చెట్టెక్కి నూట యాభై మంది దాకా బతికారు. ఆ వరద తర్వాతే విశ్వేశ్వరయ్య వచ్చారు, ఆయన సూచన మీద 1920కి ఉస్మాన్‌సాగర్, 1927కి హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. గండిపేట, అంటే ఉస్మాన్‌సాగర్, నీళ్ళు పట్నానికి అలవాటయ్యాయి.

వంతెన మీద నిలబడి మూసీని చూశాను. వాసన గురించి రాయను, అందరికీ తెలుసు. అనంతగిరి కొండల్లో పుట్టి వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే నది ఇది. రెండు ఆనకట్టలు వందేళ్ళు కాపలా కాయడంతో, ఏటా వచ్చి ఒడ్డులు కడిగి పోవడం మర్చిపోయింది. నది మర్చిపోయిందనుకుని మనం ఒడ్డులోకి దిగాం. 2020 అక్టోబరులో గేట్లు ఎత్తాక చాదర్‌ఘాట్ దగ్గర ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. మూసీ ఏమీ మర్చిపోలేదు.

సాయంత్రం సామాను సర్దుతుంటే చెల్లెలు చిన్న స్టీలు గిన్నె తెచ్చింది. మూతకి గుడ్డ కట్టి ఉంది, అచ్చం అమ్మ కట్టినట్టు.

"పొద్దున్నే తోడేశాను. వదినకియ్యి. రేపు కాకినాడ వెళ్ళగానే పాలలో కలపమను, ఆలస్యం చెయ్యొద్దు."

నేను మాట్లాడలేక తలూపాను. అప్పుడే, ఇప్పుడే చెప్పాలా అన్నట్టు ఒక నిమిషం ఆగి, "ఒక సంగతన్నయ్యా. కోవిడ్ అప్పుడు మా ముగ్గురికీ ఒకేసారి వచ్చిందిగా. అప్పుడు నా తోడు కూడా పోయింది" అంది.

"మరి ఇదెక్కడిది?"

"ఎదురింటి కరీంనగర్ ఆవిడ ఇచ్చింది. ఆవిడకి అంతకు ముందు నేనిచ్చిందే."

"అయితే అమ్మదే."

"ఏమో. మధ్యలో ఆవిడ పాకెట్ పెరుగు కలిపిందేమో, నేనడగలేదు."

మేనకోడలు గుమ్మంలో నిలబడి ఏదో అనబోయి, వాళ్ళమ్మ మొహం చూసి ఊరుకుంది. దాన్ని నేను మెచ్చుకున్నాను. కింద ఆటో ఎక్కేటప్పుడు వాచ్‌మన్ సంచి అందుకుని, "సార్, టాంక్ ఎన్క గొయ్యి తవ్విన. సెక్రటరీ సార్ అటు పోడు" అని చెవిలో చెప్పాడు.

నాది కింది బెర్తు. గిన్నె ఒలుకుతుందని తలగడ పక్కన, గోడకి ఆనించి పెట్టుకున్నాను. బోగీ ఉక్కపోతగా ఉంది, పులిసిపోతుందేమోనని టెన్షన్. ఏసీ టికెట్ తీసుకుంటానంటే దండగని నేనే వద్దన్నాను. ఖమ్మం దగ్గర ఒకసారి, రాజమండ్రిలో గోదావరి మీద ఒకసారి లేచి చేత్తో తడిమి చూశాను, నొప్పి ఉన్న చేత్తోనే. సామర్లకోటలో తెల్లవారుతుండగా గుడ్డ విప్పి మూత తీశాను.

అంచు చుట్టూ కాస్త నీరు తేలింది. వేలితో నాలిక్కి రాసుకున్నాను. పులిసింది. పనికొస్తుంది.